పందిరికెక్కిన లాలిన్ కొమ్మ

చెట్టుకు ఏమీ కాలేదు. పూసిన కొమ్మ ఒక్కటే లేదు.

కంచె తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తీగ ఎక్కడా తెగలేదు. లోపల నాకంటే జానెడు ఎత్తున్న ఆ చిన్న చెట్టు ఏమీ ఎరగనట్టు గాలికి తలాడిస్తోంది. దాని ఎడమ పక్కన, సరిగ్గా నా భుజం ఎత్తులో, బొటనవేలంత మోడు. కోత ఏటవాలుగా, నున్నగా ఉంది. ముట్టుకుంటే జిగురు వేలికి అంటుకుంది.

"ఇవాళ పొద్దున్నే కోశారు," అన్నాను.

"రాత్రి," అన్నాడు నా వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ గజాధర్. "దొంగతనాలు రాత్రిపూట జరుగుతాయి, మదామ్ రూసెతీ. పోలీసు శిక్షణలో మొదటి పాఠం అదే."

మదామ్ రూసెతీ. పెళ్లై రెండు వారాలైనా కాని నాకు ఆ పిలుపు కొత్త జోళ్లలా ఇంకా కిర్రుమంటూనే ఉంది. పిలిచినవాడు గజాధర్ అయినా సరే, వినడానికి బాగుంటుంది. ఆయన మారిషస్ నుంచి మా రోడ్రిగ్స్ దీవి పోలీసులకు పాఠాలు చెప్పడానికి వచ్చి మూడు నెలలైంది. మేమింకా మొదటి పాఠంలోనే ఉన్నామని ఆయన అభిప్రాయం.

"రాత్రి కోసుంటే ఈపాటికి జిగురు గట్టిపడి పెచ్చు కట్టేది సార్. ఇది ఇంకా తడిగా ఉంది."

"జిగురు సంగతి చెట్ల డాక్టరుకి వదిలెయ్యండి. దొంగ సంగతి నాకు వదిలెయ్యండి. ఇప్పటికే పట్టుకున్నాను."

చెట్ల డాక్టర్ ఆంతొనెల్ గ్రాంకూర్ నేలమీద గొంతుకూర్చుని, రాలిన తెల్ల రేకుల్ని రుమాల్లోకి ఏరుతోంది. బళ్లో నా పక్క బెంచీలో కూర్చున్న పిల్లే. తొమ్మిదేళ్లుగా ఈ ఒక్క చెట్టు కోసం పోట్లాడుతోంది. లాలిన్ అంటే మా భాషలో చందమామ, అంత తెల్లగా పూస్తుందని దీన్ని లాలిన్ చెట్టంటాం. ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే ఉంది, అదీ మగచెట్టు. అందువల్ల దీని కాయ ఎలా ఉంటుందో చూసినవాళ్లు లేరు. కాయ లేకపోతే దీన్ని ఏ కుటుంబంలో చేర్చాలో తేలదు. ఇది మారిషస్ అడవుల్లో ఎక్కడబడితే అక్కడ పెరిగే ఒక మామూలు చెట్టే, గాలి దెబ్బకి గిడసబారింది, అంతే అని పోర్ట్ లూయీ ప్రొఫెసర్ వాదన. కాదు, దీనికి అన్నదమ్ములే లేరు, ఇది వేరే జాతి అని ఆంతొనెల్ పట్టు.

ప్రొఫెసర్ నిన్న దీవికి వచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం పువ్వు విప్పి, కేసరాలు లెక్కపెట్టి తీర్పు చెబుతానన్నాడు. నాలుగింటి విమానంలో వెళ్లిపోతాడు. మామూలు చెట్టేనని రాసిపెట్టాడంటే కంచె తీసేస్తారు. సముద్రపు ఒడ్డున కట్టే కొత్త రిసార్ట్‌కి రోడ్డు సరిగ్గా ఇక్కడినుంచే దిగుతుంది.

"పోయిన తుఫానుకి పూతంతా రాలిపోయింది, రోజ్‌మే," అంది ఆంతొనెల్ తలెత్తకుండా. "ఆ ఒక్క కొమ్మే మిగిలింది. ఈ రేకులతో నేనేం చూపించను? రేకులు ఎవరికైనా తెల్లగానే ఉంటాయి."

"కొమ్మ దొరుకుతుంది."

"నువ్వీమధ్య అన్నిటికీ అలాగే అంటున్నావు."

నిజమే. ఈమధ్య నాకు వాన పడినా బాగుంటోంది, వాన ఆగినా బాగుంటోంది. అయినా ఆ మాట సంతోషం కొద్దీ అన్నది కాదు. మోడు కింద గడ్డిలో వేలెడు మొగలాకు నార పడి ఉంది. దాన్ని తీసి జేబులో వేసుకుని, గజాధర్ పట్టుకున్న దొంగను చూడటానికి జీపు దగ్గరికి నడిచాను.

దొంగ వెనక సీట్లో కూర్చుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు. తోంతోన్ సిల్వియో. మా దీవిలో పెద్దవాళ్లని తోంతోన్ అనీ, ఆడవాళ్లయితే తాంతీన్ అనీ పిలుస్తాం. దీవిలో ఎవరు ఎక్కువ తాగి లేచినా పొద్దున్నే ఆయన కషాయం కోసం పోవాల్సిందే.

"లాలిన్ ఆకు కషాయం కాస్తాడని ఊరంతా చెప్పారు," అన్నాడు గజాధర్. "ఇంట్లో పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. ఇంకేం కావాలి?"

"తోంతోన్, కొమ్మ మీరు కోశారా?" అనడిగాను.

"నేను ఆకు కోసేవాణ్ణమ్మా, పువ్వు జోలికెప్పుడూ పోలేదు. పువ్వు మరిగిస్తే ఒళ్లంతా దురద. ఒకసారి పొరపాట్న పోస్టుమాస్టరుకిచ్చా. ఇప్పటికీ నా ఉత్తరాలు పక్కింట్లో పడేసిపోతాడు."

"ఆకు కోశానని ఒప్పుకున్నాడు. రాసుకోండి," అన్నాడు గజాధర్.

"కంచె కట్టకముందు సార్. అప్పటికి తమరు లాగుల్లో తిరుగుతుండేవారు."

"మరి కుండలో ఏముంది?"

"చిక్కుళ్లు. మధ్యాహ్నం భోజనానికి. ఇప్పటికి మాడిపోయి ఉంటాయి, తమరి దయవల్ల."

ఆయన కొడవలి జీపు ముందు సీట్లో సాక్ష్యంగా పడి ఉంది. తీసి అంచు మీద వేలితో రాశాను. రంపంలా పళ్లున్న కొడవలి. "సార్, దీంతో కోస్తే కొమ్మ చీలికలు పీలికలవుతుంది. అక్కడి కోత వెన్న కోసినట్టుంది. అది వంటింటి కత్తి."

గజాధర్ కొడవలి వంక చూశాడు, నా వంక చూశాడు. "వంటింటి కత్తి ఇతని ఇంట్లోనూ ఉంటుంది."

"తాళంచెవి ఉండదుగా."

తాళంచెవి ఒక్కటే. అది కాపలాదారు తెయోద్యూల్ మెడలో, బాప్తిస్మం పతకంతో పాటు వేలాడుతోంది. మనిషి ఆరడుగుల పొడుగు. ఆ పూట మాత్రం అందులో సగానికి కుంగిపోయి కంచె గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఇల్లు కంచె పక్కనే, సర్కారు ఇచ్చిన రేకుల ఇల్లు.

"స్నానానికి కూడా తియ్యను మదామ్. ఇన్‌స్పెక్టర్ గారేమో, అయితే నువ్వే కోసుంటావంటున్నారు. నా చెయ్యి నేను నరుక్కుంటానా?"

"పడుకున్నప్పుడు?"

"మెడలోనే."

"గాఢ నిద్రా?"

"పోయిన తుఫానుకి మా ఇంటి పైరేకు లేచిపోయిందట. పొద్దున లేచాక ఆకాశం కనబడితేనే తెలిసింది నాకు."

నేను మళ్లీ కంచె తలుపు దగ్గరికొచ్చి నేల చూశాను. రోడ్డు వైపు బురదలో గజాధర్ బూట్లు తప్ప ఏమీ లేవు. రెండో వైపున, గడ్డిలో ఒక తెల్ల రేకు. కాస్త దూరంలో ఇంకొకటి. అవి తెయోద్యూల్ ఇంటి వెనక గుమ్మం దాకా వెళ్లాయి. జేబులోంచి మొగలాకు నార తీసి చూశాను. ఒక కొస రెండుగా చీల్చి, పురి పెట్టి ఉంది. ఆ పురి నాకు బాగా తెలుసు. మొన్న నా పెళ్లి పందిట్లో ఇంటికొకటిగా తెచ్చి కట్టిన ప్రతి కొమ్మకూ అదే పురి, అదే ముడి. నేను ఫాదర్ మాటలు వినకుండా ఆ ముడుల వంకే చూస్తున్నానని మా ఆయన గాయెతాన్ ఇప్పటికీ ఏడిపిస్తాడు.

"తెయోద్యూల్, ఇవాళ కింద లోయలో ఎవరిదో పెళ్లి కదూ?"

"ఎర్మాన్ కూతురు జూలియాన్‌ది. మేమూ వెళ్లాలి. ఇప్పుడేం వెళ్తాం."

వెనక గుమ్మం తోసి లోపలికెళ్లాను. తెయోద్యూల్ భార్య జినెట్ జుట్టుకు చుట్టలు చుట్టుకుని పసుప్పచ్చ గౌను ఇస్త్రీ చేస్తోంది.

"తాంతీన్ జినెట్, జూలియాన్ పందిరికి మీ ఇంటినుంచి ఏ కొమ్మ ఇచ్చారు?"

"ఆ తెల్లపూల కొమ్మ," అంది ఆవిడ ఇస్త్రీ ఆపకుండా. "గుమ్మం పైన కట్టారట. అందరూ మెచ్చుకున్నారట."

నా వెనక గజాధర్ దగ్గాడు. తెయోద్యూల్ గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"పొద్దున్నుంచి ఇక్కడ పోలీసులం తిరుగుతుంటే చెప్పలేదేం?" అన్నాడు గజాధర్.

"నన్నెవరడిగారు? మీరొచ్చి, ఇంట్లో మగాళ్లెవరున్నారు, పిలవమన్నారు. పిలిచాను. నా పని నేను చూసుకుంటున్నా."

"జినెట్, ప్రపంచంలో అదొక్కటే చెట్టు," అన్నాడు తెయోద్యూల్, ఏడుపు గొంతుతో.

"నాకేం తెలుసు? నువ్వు పొద్దస్తమానం దాన్ని చూస్తూ కూర్చుంటే పనీపాటా లేని చెట్టనుకున్నా. పందిరికి ఎవరింటి కొమ్మ వాళ్ల నేలలోంచే ఇవ్వాలి. మన నేల ఎక్కడుంది? సర్కారు రేకులు, సర్కారు కంచె. పోయిన పెళ్లికి బొప్పాయి మట్ట పట్టుకెళ్తే ఊరంతా నవ్వారు. బొప్పాయి జినెట్ అని ఇప్పటికీ పిలుస్తున్నారు. పూలు ఎలాగూ రాలిపోయేవే కదా అని, నువ్వు గుర్రు పెడుతుంటే తాళంచెవి తీసి, కోసి, మళ్లీ మెళ్లో వేశా. పతకం కూడా సరిచేశాను."

గజాధర్ నోట్‌బుక్ తెరిచి, మళ్లీ మూశాడు. శిక్షణలో దీనికి పాఠం లేదనుకుంటాను.

అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది. మా ఆయన బస్సు. ముందు అద్దం పైన ఎర్రరంగుతో కొత్తగా 'రోజ్‌మే' అని రాయించాడు. రూటు తప్పించి, నిండా జనంతో, నా భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చాడు.

"మొక్కజొన్న అన్నం, ఎర్ర చిక్కుళ్లు, నిమ్మకాయ పచ్చడి," అన్నాడు గాయెతాన్ కిటికీలోంచి డబ్బా అందిస్తూ. "పచ్చడి నేనే చేశా. నవ్వకు."

"ముందు మమ్మల్ని బజార్లో దింపవయ్యా పెళ్లికొడకా," అని అరిచింది వెనక సీట్లోంచి ఒక ముసలావిడ. "నా ఎండు ఆక్టోపస్ ఈ బస్సులోనే మళ్లీ ఈతకొచ్చేట్టుంది."

"తాంతీన్, బజారు తర్వాత. పెళ్లికెళ్దాం పదండి," అన్నాను మెట్టెక్కుతూ.

బస్సులో ఒక్కరూ వద్దనలేదు. ఆంతొనెల్, తెయోద్యూల్, జినెట్ కూడా ఎక్కారు, గజాధర్ జీపు మా వెనకే వచ్చింది.

* * *

పందిరి ఎర్మాన్ ఇంటి పెరట్లో వేశారు. వెదురు గుంజలు, పైన కొబ్బరాకు, చుట్టూ ఇంటికొక కొమ్మ. కొండ మీది ఇంటినుంచి ఒడ్డు దాకా, దారిలో ఇళ్లు ఏ వరసలో ఉంటే కొమ్మలు ఆ వరసలో కడతారు. ఎవరు కొమ్మ ఇవ్వలేదో చూడగానే తెలిసిపోతుంది. అందుకే జినెట్ భయం నాకు అర్థమైంది. కొండ మీది మొదటి ఇల్లు ఆవిడదే, కనుక ఆవిడ కొమ్మ గుమ్మం పైనే ఉంది.

ఉంది, కానీ ఎండకి వడలిపోయింది. ఆంతొనెల్ కుర్చీ ఎక్కి పువ్వొకటి విప్పింది. తేనెరంగు పొడి చేతిలో రాలింది. ఇంకొకటి విప్పింది. ఇంకొకటి.

"కేసరాలన్నీ ఊడిపోయాయి," అంది దిగి. "దీన్ని పట్టుకెళ్లి ఆయన ముందు పెడితే జాలిపడతాడు. ఆ జాలి నాకొద్దు."  

"కేసు మాత్రం తేలింది," అన్నాడు గజాధర్. "మదామ్ జినెట్‌ని స్టేషన్‌కి తీసుకెళ్లాలి."

పెళ్లికూతురి తండ్రి ఎర్మాన్ రెండు చేతుల్లో రెండు పళ్లాలతో అడ్డం వచ్చాడు. "పందిట్లోంచి చుట్టాన్ని పట్టుకెళ్తే పెళ్లి అచ్చిరాదు సార్. ముందు తినండి. ఆకలి మీద ఎవరినీ జైల్లో పెట్టకూడదు."

ఆక్టోపస్ సలాడ్ పళ్లెం చేతిలోకి వచ్చాక గజాధర్‌కి బేడీలు తీసే వీలు లేకపోయింది. జీపులోంచి తనే దిగిన తోంతోన్ సిల్వియో అప్పుడే రెండో పళ్లెం అందుకున్నాడు. అకార్డియన్ మొదలైంది. మా బస్సు జనం అందరికంటే ముందు సేగా నాట్యం ఆడుతున్నారు. నేను ఆంతొనెల్‌ని వెనక మూలనున్న బల్ల మీద కూర్చోబెట్టి, మా ఆయన నిమ్మకాయ పచ్చడి రుచి చూపించాను. కన్నీళ్లకు ఒక వంక దొరుకుతుందని.

నా పళ్లెంలో టప్పున ఏదో పడింది.

గోళీకాయంత ఉంది. పసుపు తిరిగిన ఆకుపచ్చ. నేను తీసి పారేయబోతుంటే ఆంతొనెల్ నా మణికట్టు పట్టుకుంది. కాయను కాదు, పైకి చూస్తోంది. మా తల మీద, కొబ్బరాకు కింద, ఒక కొమ్మ. దానికి ఇలాంటివే ఒక గుత్తి.

"ఆ ఆకు తుంచు," అంది.

తుంచి ఇచ్చాను. కొస దగ్గర చిన్న నొక్కు. మధ్యలో ఎర్రటి ఈనె. నలిపితే లవంగం వాసన. పరిగెత్తి వెళ్లి గుమ్మం పైనుంచి జినెట్ కొమ్మ ఆకు కూడా తెచ్చి పక్కన పెట్టాను. నొక్కు, ఈనె, వాసన. ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"చాకు," అంది ఆంతొనెల్.

దొరికింది బొప్పాయి కేకు కోసే చాకు. ఆవిడ దాన్ని గౌనుకి తుడిచి, కాయను అడ్డంగా కోసింది. కోసి కదలకుండా కూర్చుంది.

"ఏమైంది?"

"ఆయన చెప్పే మామూలు చెట్టు కాయలో గదులు రెండు. దాని కుటుంబం మొత్తంలో ఏ చెట్టుకైనా రెండే. రెండుకి మించి ఉండవు." కాయ నా ముందు పెట్టింది. "లెక్కపెట్టు."

నక్షత్రంలా ఐదు గదులు. గదికొక గింజ, గింజకొక పల్చటి రెక్క.

"ఐదు," అన్నాను.

"ఇంకోసారి లెక్కపెట్టు."

"ఐదే, ఆంతొనెల్."

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. లేచి వెళ్లి ముక్కూ మొహం తెలియని మా బస్సు ముసలావిడని పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిప్పి, మళ్లీ వచ్చి కూర్చుంది. "అయితే ఆడచెట్టు ఉంది. ఈ దీవిలోనే ఉంది. రోజ్‌మే, ఈ కొమ్మ ఎవరు తెచ్చారో చెప్పు."

గజాధర్‌కి ప్రాణం లేచొచ్చింది. పళ్లెం కింద పెట్టి అకార్డియన్ ఆపించాడు. "వెనక మూల కొమ్మ ఎవరిది? నిజం చెప్పినవాళ్లకి శిక్ష లేదు."

అందరూ తలెత్తి ఎవరి కొమ్మ వాళ్లు వెతుక్కున్నారు.

"నాది జామ," అన్నారొకరు.

"మాది మామిడి. అదిగో."

"నాది మాత్రం ఇవాళ బొప్పాయి కాదు," అంది జినెట్, అందరికీ వినబడేలా.

"ఎవరో దాస్తున్నారు," అన్నాడు గజాధర్. "అందర్నీ వరసగా నిలబెట్టండి."

"వాళ్లు నిలబడక్కర్లేదు సార్, కొమ్మలే వరసలో ఉన్నాయి," అన్నాను. చివరి ఇల్లు ఒడ్డున జాలరి మిలజార్‌ది. ఆయన సరుగుడు కొమ్మ తర్వాత ఇక ఇల్లు లేదు. దాని పక్కన ఈ మూల. మూల ఎవరి వంతూ కాదు. అంటే ఇది వరసలో కట్టిన కొమ్మ కాదు.

బల్లెక్కాను. ముడి విప్పి ఎవరి చేతి ముడో చూద్దామని కొబ్బరాకుల్లోకి చెయ్యి పెట్టాను. కొమ్మ వెంట వేళ్లు జరుపుకుంటూ పోయాను. నార తగల్లేదు. ముడి తగల్లేదు. కొమ్మ లావవుతూ పోయి, గరుకు బెరడులో కలిసిపోయింది.

"ఆంతొనెల్," అన్నాను. "దీన్ని ఎవరూ తేలేదు. ఇది ఇక్కడే ఉంది."

మూల గుంజకి చుట్టిన ఆకులన్నీ ఇద్దరం కలిసి లాగేశాం. మిగతా మూడు మూలలా వెదురు. ఈ మూల మాత్రం చెట్టు. నా కంటే కాస్త పొడుగు, నడుము దగ్గర తాడు ఒరుసుకున్న గాట్లు, పాదు దగ్గర వేళ్లు మట్టిలోకి.

"అది మా మేకల గుంజ," అన్నాడు ఎర్మాన్ ఆశ్చర్యంగా. "మా మామ్మ కాలం నుంచి ఉంది. మేకల్ని దానికే కట్టేవాళ్లం. చిగురేస్తే తినేసేవి, వేస్తే తినేసేవి. దానికి ఆకు ఉంటుందనే మాకు తెలీదు. పెళ్లికి బలవాలని నిరుడు మేకల్ని దొడ్లోకి మార్చాం. అప్పట్నుంచి ఇది పెరగడమే పెరగడం. పందిరికి ఒక గుంజ ఖర్చు తప్పిందనుకున్నా."

"దీనికి పూత ఎప్పుడొచ్చింది?"

"తుఫాను ముందు. తేనెటీగలు కొండమీంచి బారులు బారులుగా దిగేవి."

ఆంతొనెల్ బెరడు మీద చెంప ఆనించింది. "పాపం, కొండ మీదున్నవాడు ఒంటరివాడనుకున్నాం," అంది. నేను బస్సు మెట్టు మీద కూర్చున్న గాయెతాన్ వంక చూశాను. ఎందుకు చూశానో అతనికి తెలియకపోయినా చెయ్యి ఊపాడు.

"గాయెతాన్, ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లు. విమానం ఎక్కేలోపల ఇక్కడుండాలి. రానంటే ఎత్తి బస్సులో వెయ్యి."

బస్సు కదిలింది. నేను చివరి కొబ్బరిమట్ట పక్కకి లాగాను. దాని వెనక, మోకాలి ఎత్తున, బెరడు మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు.

"ఇదేంటి తోంతోన్ ఎర్మాన్?"

ఎర్మాన్ మొహం మాడిపోయింది. "రోడ్డు వాళ్లు వేశారు. పై కంచె గొడవ ఎటు తేలినా దారి మాత్రం ఇటు దిగుతుందట. సోమవారం పొద్దున మిషన్ వస్తుంది. ఆ గుర్తున్నవన్నీ పీకేస్తారు. ఆపాలంటే పెద్ద కోర్టు కాగితం కావాలంట. ఇవాళ శనివారం. ఇప్పుడు కోర్టు ఎక్కడ తెరిచి ఉంటుంది?"

ప్రొఫెసర్ వచ్చి, చూసి, ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు కాగితమయ్యేసరికి వారాలు పడుతుంది. ఆంతొనెల్‌కీ ఆ లెక్క తెలుసు. చెట్టు చుట్టూ చేతులు వేసి అలాగే నిలబడింది.

 అందరం ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ ఆ పందిట్లో, ఇన్‌స్పెక్టర్ గజాధర్ మూతి తుడుచుకుని, టోపీ సర్దుకుని జీపు దాకా నడిచాడు. వచ్చేటప్పుడు చేతిలో పసుప్పచ్చ పోలీసు టేపు చుట్ట ఉంది. మూల గుంజ చుట్టూ ఒక వరస తిప్పాడు. చాలదన్నట్టు ఇంకో వరస తిప్పాడు.

"ఇది నేరస్థలం," అన్నాడు, శిక్షణలో చెప్పే గొంతుతో. "నా రాతపూర్వక అనుమతి లేకుండా మనిషి గానీ, మిషన్ గానీ ఈ చెట్టును ముట్టుకోరాదు."

"ఏం నేరం జరిగింది సార్?" అనడిగాను.

"ఇంకా జరగలేదు," అన్నాడు గజాధర్ టేపు కొస ముడి వేస్తూ. "సోమవారం జరగబోతోందని నాకు గట్టి సమాచారం ఉంది."